వట్టివేరూ, నా ముక్కూ

మా అక్క కూతురు నూర్జహాన్ పోరు పడలేక ఇది రాస్తున్నాను. "ఖాలా, నువ్వు నోటితో చెప్పేది నాకు సగమే గుర్తుంటాది, రాసి పెట్టు" అని ఒకటే గొడవ. ఖాలా అంటే మా ఇళ్ళలో పిన్ని. నేను చేసిన పనే ఇప్పుడు అది చేస్తోంది. దాని వెనక ఇంకెవరైనా ఈ పనిలోకి వస్తే వాళ్ళకూ పనికొస్తుంది.

నా పేరు మస్తాన్‌బీ. విడవలూరుకు తూర్పున, సముద్రం వైపు ఇసక నేలల్లో ఒక వట్టివేరు నూనె బట్టీ ఉంది. పెళ్ళయిన కొత్తలో అక్కడ చేరాను, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. నా పని వాసన చూడటం. వేరు మంచిదా కాదా, నూనె దిగిందా లేదా, సీసాలో మాగిందా ఇంకా పచ్చిగానే ఉందా, ఇవన్నీ ముక్కుతో చెప్పాలి. మా ఆయన టైలరు. "నాకు చేతులు నొప్పులు పుడతాయి, నీకు ముక్కు నొప్పి పుడతాదా?" అని ఎగతాళి చేసేవాడు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడు నాకు వాసన తెలియదు. కరోనా జ్వరంలో పోయింది, తిరిగి రాలేదు. అందుకే ఈ రాతలో ఎక్కడైనా గొంతు వణికినట్టు అనిపిస్తే ఏమీ అనుకోకండి.

గడ్డే గదా

వట్టివేరు ఒక గడ్డి. నిమ్మగడ్డికి దగ్గర చుట్టం. మనిషెత్తు దుబ్బుగా పెరుగుతుంది. పైనుంచి చూస్తే దాంట్లో ఏ విశేషమూ కనపడదు. కొత్తగా చూసినవాళ్ళు "ఓస్, గడ్డే గదా" అంటారు, నేనూ అన్నాను. దాని బతుకంతా నేల కింద. వేళ్ళు పక్కలకు పాకవు, నిలువునా దిగిపోతాయి. మా వైపు ఇసక కాబట్టి తెగకుండా పొడుగ్గా వస్తాయి. బంకనేలలో పెరిగిన వేరు తవ్వాలంటే మనుషుల నడుములు విరుగుతాయి, వేరూ విరుగుతుంది.

తవ్వి తీశాక వేరు కోసుకుంటారు. మిగిలిన దుబ్బును పిలకలుగా చీల్చి అదే చేలో నాటుతారు. విత్తనం చల్లే పనే లేదు. అంటే నేను చేరిన ఏడు మా బట్టీకి వచ్చిన గడ్డీ, ఈ ఏడు వచ్చిన గడ్డీ ఒకటే. పిలక నుంచి పిలకగా అదే నడిచి వస్తోంది. ఒకప్పుడు ఈ సంగతి తలుచుకుంటే ముచ్చటేసేది. ఇప్పుడు గుండెలో కలుక్కుమంటుంది. అది అక్కడే ఉంది, అదే వాసనతో ఉంది. నాకే అందడం లేదు.

బట్టీ అంటే ఆ బట్టీ కాదు

ఈ పనిలో మొదట పడాల్సిన తంటా పేరుతోనే. మా చుట్టుపక్కల ఊళ్ళలో బట్టీ అంటే సారా బట్టీ. నేను చేరిన కొత్తలో మా అత్త ఊళ్ళోవాళ్ళతో "మా కోడలు బట్టీలో పని చేస్తాది" అని గొప్పగా చెప్పింది. వారం తిరక్కుండా పెద్దమనుషులు ఇద్దరు మా ఆయన కొట్టుకొచ్చి, "ఏందయ్యా, నీకు చేతకాకుంటే చెప్పు, మేం లేమా? ఆడమనిషిని ఆ పనికి పంపిస్తావా?" అని గడ్డి పెట్టారు. ఆయన నవ్వాపుకోలేక కత్తెర కింద పడేసుకున్నాడు.

నిజానికి రెంటికీ పెద్ద తేడా కనపడదు. పెద్ద రాగి బాన, దాని నిండా కడిగి కోసి నానబెట్టిన వేరు, కింద మంట. ఆవిరి గొట్టం గుండా పోయి, చన్నీళ్ళ తొట్టిలో చల్లబడి, అవతల గిన్నెలోకి చుక్కచుక్కగా దిగుతుంది. దూరం నుంచి చూసి ఎవరేమనుకున్నా తప్పు పట్టలేం. కాకపోతే మా దగ్గర మత్తు వేరే రకం. గిన్నెలో నీళ్ళూ నూనే కలిసి దిగుతాయి. మిగతా నూనెలు బుద్ధిగా పైకి తేలుతాయి. వట్టివేరు నూనె అలా కాదు, కొంత పైకి తేలుతుంది, కొంత అడుక్కు దిగుతుంది. అడుక్కు దిగేది ఆలస్యంగా వస్తుంది, అదే అసలైనది. మా పనిలోని కష్టమంతా దానికోసం కాచుకోవడంలోనే ఉంది.

ముక్కును కాపాడుకోవడం

నన్ను పనిలో పెట్టుకున్నది పెద్దసాయిబు, బట్టీ యజమాని. మంచినీళ్ళ కుండలో వేసుకోవడానికి వేరు కొనుక్కుందామని వెళ్ళాను. ఆయన ఇచ్చిన కట్టను వాసన చూసి, "ఇది ఒకసారి తడిసి ఆరింది, నాకొద్దు" అన్నాను. ఆయన కట్ట తీసుకుని తానూ చూశాడు. నా వైపు చూశాడు. "ఏం చేస్తా ఉండావమ్మా ఇంట్లో?" అన్నాడు. నా ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ అంతే.

చేరాక ఆయన పెట్టిన ఆంక్షలు చూసి ఏడుపొచ్చింది. పూలు పెట్టుకోకూడదు, పౌడరు రాసుకోకూడదు, ఉల్లిపాయ తిని రాకూడదు. తలకు సాంబ్రాణి పట్టించుకోవడం ఒక్కటీ ఆయనకు చెప్పడం తట్టలేదు, నాకు అడగడం తట్టలేదు. మా ఇంట్లో శుక్రవారం తలంటుకుని సాంబ్రాణి వేసుకోవడం అలవాటు. మంట ఎప్పుడు ఆపాలో చెప్పే పని నాకొచ్చిన కొత్తలో ఆయన ఒకరోజు సీసాలన్నీ ముందేసుకుని తల పట్టుకున్నాడు. "శుక్రవారం సరుకు ఒక్కటే ఎందుకమ్మా ఇంత పచ్చిగా ఉండాది?" నాకూ అంతుబట్టలేదు. మంట వేసే పోలయ్యన్న పక్కనుంచి పోతూ, "ఈ పక్క ఎవురో దర్గా పెట్టినట్టుండారే, ఎంత బాగుండాదో వాసన" అన్నాడు. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నా జుట్టులోని తియ్యదనాన్ని నూనెదనుకుని నేను మంట తొందరగా ఆపించేస్తున్నాను. అప్పటినుంచి బట్టీలో ఏది చెడినా "శుక్రవారం సరుకు" అనడం మొదలైంది. నూర్జహాన్ ఒకసారి సినిమా చూసొచ్చి కూడా ఆ మాటే అంది.

ముక్కు బాగా పనిచేసేది రంజాన్ నెలలో. ఉపవాసంతో పొట్ట ఖాళీగా, నోరు శుభ్రంగా ఉంటుంది కదా, మధ్యాహ్నానికి సన్నని వాసన కూడా విడివిడిగా తెలిసేది. ఎటూ తేలని సీసాలను పెద్దసాయిబు పక్కన పెట్టి, "ఇది రంజాన్‌కు చూద్దాంలే" అనేవాడు. ఆ మధ్యాహ్నాల్లో ఆయన ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో సీసాలు. నా జీవితంలో అంత సుఖమైన రోజులు లేవు. ఇప్పటికీ రంజాన్ వస్తే మధ్యాహ్నం పూట చేతులు ఏదో వెతుక్కుంటాయి.

నేలొచ్చినాది

నూనె దిగేటప్పుడు వాసన మారుతూ వస్తుంది. మొదట పచ్చి శనక్కాయ తొక్క ఒలిచినట్టుంటుంది. తర్వాత కొత్తగా చిత్రిక పట్టిన చెక్క. ఆ తర్వాత కొంచెం పొగ. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఎందుకంటే ఇక్కడ కూడా బాగానే ఉంటుంది. ఇంకా ఆగితే, ఇంక ఏమీ రాదనిపించిన తర్వాత, అడుక్కు దిగే నూనెతోపాటు ఎండిన నేల మీద వాన పడ్డ వాసన వస్తుంది. అప్పుడు "నేలొచ్చినాది" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట నా నోట వింటే పోలయ్యన్న మంట లాగేసేవాడు. వేరే ఎవరు చెప్పినా, యజమానే చెప్పినా ముట్టుకునేవాడు కాదు.

పెద్దసాయిబు నా చేత ఆ మాట అనిపించడానికి చాలాకాలం పట్టింది. నేను "వచ్చిందనుకుంటా" అంటే, "అనుకుంటా అంటే రాలేదని" అనేవాడు. "ఏం మాదిరి ఉండాది?" అని అడిగేవాడు. నేను ఫలానా మాదిరి అని చెప్పినంతసేపూ తల అడ్డంగా ఊపేవాడు. ఒకనాడు నేను మాదిరీ గీదిరీ అనకుండా ఉన్నపళంగా లేచి నిలబడి "నేలొచ్చినాది!" అని అరిచాను. ఆయన గిన్నె దగ్గరికి కూడా రాలేదు. పోలయ్యన్నకు చెయ్యి ఊపి, ఆరోజు నుంచి ఆ మాట నాకు వదిలేశాడు.

మాకు ఇంకో పరీక్ష కూడా ఉండేది, అది మేం పెట్టుకున్నది కాదు. సాయంత్రం సర్వీసు ఆటోలో విడవలూరుకు వచ్చేదాన్ని. నూనె సరిగ్గా దిగిన రోజున పక్కన కూర్చున్నవాళ్ళు గాలి పీల్చి, "ఏమక్కా, మీ పక్క వాన పడినాదా?" అని అడిగేవాళ్ళు. నట్టెండాకాలంలో, ఆకాశంలో మబ్బు తునక లేకుండా! తొందరపడి ఆపిన రోజున ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మాడిన రోజున పక్కకు జరిగేవాళ్ళు. వాన కాదు, వట్టివేరు అని చెప్పీ చెప్పీ విసుగొచ్చేది. ఒకసారి ఒకాయన్ని, "పడింది, గొడుగు తెచ్చుకో పో" అని కసిరాను కూడా. ఆ విసుగు ఇప్పుడు ఎవరైనా తెచ్చిస్తే నెత్తిన పెట్టుకుంటాను.

చిన్నసాయిబు తొందర

పెద్దసాయిబు పోయాక కొడుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కష్టపడతాడు, మనుషుల్ని గౌరవిస్తాడు, నన్ను ఈనాటికీ "ఆపా", అంటే అక్కా, అనే పిలుస్తాడు. అతని జబ్బు తొందర. కట్టెల పొయ్యి తీసి గ్యాసు పెట్టించాడు, అది మంచిదే, పోలయ్యన్న కళ్ళు బాగుపడ్డాయి. కానీ మంట ఎక్కువ పెడితే నూనె తొందరగా దిగుతుందనుకున్నాడు. దిగింది, మాడు వాసనతో దిగింది. ఉత్తరాది అత్తరు వ్యాపారులు వాసన చూసి వెనక్కి పంపేశారు.

"ఆపా, ఇంక ఒకే వాసన కోసం ఇంతసేపు కూర్చోవాలంటే ఎట్ట?" అన్నాడు. "కూర్చోలేకపోతే రొయ్యల గుంట తవ్వుకో నాయనా, అక్కడ వాసన దానంతట అదే వస్తాది" అన్నాను. కోపంతో అన్న మాటే. కానీ చుట్టూ అదే జరిగింది. వట్టివేరు చేలు ఒక్కొక్కటీ రొయ్యల గుంటలైపోయాయి. తూర్పుగాలి తిరిగితే మేత కంపు కొట్టి కిటికీలు మూసుకోవాల్సి వచ్చేది. చేను అమ్ముకున్న రైతును నేను తప్పు పట్టను, పిల్లల చదువులు చూసుకోవద్దా. కానీ దుబ్బులు పెరికి గట్టున పడేసిన రోజు పోయి చూశాను. ఎండకు వాడుతున్న పిలకలు నాలుగు ఏరుకొచ్చి ఇంటి దగ్గర నాటాను. అవి ఇప్పటికీ బతికే ఉన్నాయి.

జ్వరం తర్వాత

జ్వరం తగ్గిన ఉదయం మా ఆయన టీ తెచ్చిచ్చాడు. వేడినీళ్ళు ఇచ్చాడనుకున్నాను. డాక్టరు, వస్తుందిలేమ్మా, కొందరికి ఆలస్యం అన్నాడు. కర్పూరం, కాఫీపొడి, నిమ్మతొక్క రోజూ పొద్దున్నే ముక్కు దగ్గర పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. అప్పుడప్పుడూ ఎక్కడో ఏదో మాడుతున్నట్టు మాత్రం తోచేది, పరిగెత్తి వంటింట్లో చూస్తే పొయ్యే వెలిగించి ఉండేది కాదు. వట్టివేరు మాత్రం ఎన్నిసార్లు నలిపి చూసినా గడ్డిపోచ పట్టుకున్నట్టే ఉండేది.

బట్టీకి పోయి, ఉన్న సంగతి చెప్పి మానేశాను. చిన్నసాయిబు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఏడవలేదు. ఇంటికొచ్చి పెట్టెలో బట్టీ చీరలు తీసి మొహం కప్పుకున్నాను. ఎంత ఉతికినా పోని వాసన వాటిలో ఉండేది. అప్పుడు ఏడ్చాను. చనిపోయినవాళ్ళ ఫొటో అయినా చూసుకోవచ్చు. వాసనకు ఫొటో లేదు. మనసులో తెచ్చుకుందామంటే మాటలు వస్తాయి, చెక్క అనీ, నేల అనీ, వాన అనీ. వాసన రాదు.

నా చోటులోకి నూర్జహాన్ వచ్చింది. దానికి మంచి ముక్కుంది, చిన్నప్పటినుంచీ పక్కింటి కూర ఏమిటో గడపలోనే చెప్పేది. కానీ ధైర్యం చాలదు. ప్రతిసారీ పొగ వాసన దగ్గరే ఆపించేసింది. సరుకు మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చింది. ఈ ఎండాకాలం మొదట్లో చిన్నసాయిబు తేల్చి చెప్పేశాడు: ఈ బానలో కూడా నేల రాకపోతే బట్టీ ఆపేస్తాను, వేరును వేరుగానే కూలర్లలో పెట్టేవాళ్ళకు అమ్ముకుంటాను అని. నూర్జహాన్ మా ఇంటికొచ్చి గడపలో కూలబడింది. "ఖాలా, నువ్వు వచ్చి ఊరికే నా పక్కన కూర్చో."

నా స్టూలు

వెళ్ళాను. నా స్టూలు అక్కడే ఉంది. రాగి బాన, గొట్టం, తొట్టి, తడి గోడ, అన్నీ ఉన్నాయి. గుమ్మం దాటుతుంటే నా ఒళ్ళు దానంతట అదే గాలి పీల్చుకుంది. ఏమీ లేదు. తెలిసి కూడా ఆశపడ్డందుకు నామీద నాకే కోపమొచ్చింది.

నూర్జహాన్ దూది ముంచి వాసన చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "శనక్కాయ తొక్క, ఖాలా." నేను తల ఊపాను. చాలాసేపటికి, "కొత్త బెంచీ మాదిరి." మధ్యాహ్నం ఎండ తిరిగింది. "పొగ వచ్చినాది. నేల కూడా వచ్చిందనుకుంటా."

"అనుకుంటా అంటే రాలేదని."

చిన్నసాయిబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పిల్ల అతని వైపు చూసి, దూది నా ముక్కు దగ్గరికి తెచ్చింది. "నువ్వు ఒక్కసారి చూడు ఖాలా. ఈ ఒక్కసారికి వస్తాదేమో."

పీల్చాను. కళ్ళు మూసుకుని, ఇంతకాలం దాచుకున్న ఆశంతా పెట్టి పీల్చాను. తడిదూది చల్లగా తగిలింది, అంతే. దాని చెయ్యి పక్కకు తోసి, "నాది అయిపోయింది నూరీ, నీదే ఉంది, చూడు" అన్నాను. పోలయ్యన్న గ్యాసు తిప్పే చోట తల దించుకుని కూర్చున్నాడు.

ఇంక ఆ పిల్ల నన్ను చూడలేదు, చిన్నసాయిబును చూడలేదు. గిన్నె మీదకు వంగి కూర్చుంది. మాదిరి అనడం మానేసింది. గిన్నె అడుగున ఎర్రటి చుక్కలు చేరుతున్నాయి. చిన్నసాయిబు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఉన్నట్టుండి అది లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడిపోయింది.

"నేలొచ్చినాది!"

పోలయ్యన్న, అలవాటు చొప్పున, నా వైపు చూశాడు.

"నన్ను చూస్తావేందన్నా? చెప్పింది ఆ పిల్ల" అన్నాను. ఆయన గ్యాసు కట్టేశాడు.

సరిగ్గా చెప్పిందా? చిన్నసాయిబుకు తేడా తెలియదు, పోలయ్యన్నకు ఇన్నేళ్ళ పొగతో ముక్కు పోయింది, నాకు లేదు. నూనె మాగి, వ్యాపారుల దగ్గరికి పోయి, కబురు వచ్చేదాకా ఆగాలి. నూర్జహాన్ దారి పొడుగునా గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది.

సర్వీసు ఆటోలో మా ఎదురుగా ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. ఎండకు మొహం నల్లబడి, కళ్ళు మూసుకుని కునుకుతోంది. ఆటో కుదుపుకు నా చీరకొంగు ఎగిరి ఆమె మీద పడింది. ఆమె కళ్ళు తెరిచింది. గాలి పీల్చింది. బయటికి తొంగి ఆకాశం చూసింది, మళ్ళీ మమ్మల్ని చూసింది.

"ఏం మే, మీ పక్క వాన పడినాదా?"

నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుంది. నా కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను, వాసన కోసం కాదు. కొంచెం తేరుకున్నాక చెప్పాను.

"పడినాదమ్మా. బాగా పడినాది."